పాటల పోటీలో గెలిచేది ఏమిటి? – టెలివిజన్ సంగీత పోటీలపై ఒక విమర్శ

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• టెలివిజన్ పాటల పోటీ ఏయే దశల్లో నడుస్తుందో వివరించగలుగుతారు.
• న్యాయనిర్ణేత తీర్పుకూ ప్రేక్షకుల ఓటుకూ ఉన్న తేడాను విశ్లేషించగలుగుతారు.
• పోటీ చట్రం పాట స్వభావాన్ని ఎలా మారుస్తుందో మీ ప్రాంతపు ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

కోడేరులోనైనా, కొల్లాపూర్‌లోనైనా, వనపర్తిలోనైనా బాగా పాడే పిల్ల కనిపిస్తే పెద్దలు అనే మాట ఒకటుంది: "ఈ పిల్ల టీవీల పాడొచ్చు గదా!" ఆ మాటలో మెచ్చుకోలు ఉంది. దాని వెనుక ఒక నమ్మకం కూడా ఉంది. మంచి గొంతు ఎక్కడున్నా టీవీ పోటీ వెతికి పట్టుకుంటుందనీ, అక్కడ నెగ్గని గొంతు తక్కువదనీ ఆ నమ్మకం. అది ఎంతవరకు నిజమో పరీక్షించడమే ఈ పాఠం పని.

కథను విమర్శించేటప్పుడు ఇతివృత్తాన్నీ, పాత్రలనూ, దృక్కోణాన్నీ విడదీసి చూస్తాం. పాటల పోటీని కూడా అలాగే చూడవచ్చు. దానికీ కూర్చేవారు ఉంటారు, పాత్రలు ఉంటాయి, చెప్పదలచుకున్న కథ ఉంటుంది.

2. రెండు నమూనాలు

తెలుగువారికి బాగా తెలిసిన మొదటి నమూనా 'పాడుతా తీయగా'. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో 1996లో ఈటీవీలో మొదలైంది. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ వంటి గాయకులు ఆ వేదిక మీది నుంచి సినిమా పాటలోకి వచ్చారు. 2020లో బాలు మరణించిన తరువాత ఆయన కుమారుడు చరణ్ దానిని కొనసాగించారు. ఆ కార్యక్రమానికి ప్రాణం పాట ముగిసిన తరువాత బాలు చెప్పే మాటల్లో ఉండేది. స్వరకర్త ఎవరు, కవి ఆ పదం ఎందుకు వాడాడు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, ఏ అక్షరం ఒత్తు జారింది అని ఆయన విడమరచి చెప్పేవారు. దిద్దుబాటు పాడినవారికే అయినా, ఇంట్లో కూర్చున్నవారు కూడా పాటను ఎలా వినాలో నేర్చుకున్నారు.

రెండవ నమూనా బయటినుంచి వచ్చింది. 2001లో బ్రిటన్‌లో 'పాప్ ఐడల్', 2002లో అమెరికాలో 'అమెరికన్ ఐడల్', 2004లో సోనీ చానల్‌లో 'ఇండియన్ ఐడల్' వచ్చాయి. 2022లో ఆహా వేదికపై 'తెలుగు ఇండియన్ ఐడల్' మొదలైంది. ఇది హక్కులు కొనుక్కొని ఒక దేశం నుంచి మరొక దేశానికి తెచ్చుకునే చట్రం. వడపోత దశలు, న్యాయనిర్ణేతల బల్ల, ఓటు, వారంవారం ఒకరి నిష్క్రమణ ఇందులో ముందే నిర్ణయమై ఉంటాయి.

మొదటి నమూనా ప్రధానంగా "ఎలా పాడారు?" అని అడుగుతుంది. రెండవది దానికి "ఎవరు ఉండాలి, ఎవరు వెళ్లాలి?" అనే ప్రశ్నను జోడిస్తుంది. ఇవాళ వచ్చే చాలా కార్యక్రమాలు ఈ రెంటినీ కలుపుకొని నడుస్తున్నాయి.

3. వడపోత ఎలా జరుగుతుంది?

పోటీకి వచ్చేవారు వేలల్లో ఉంటారు. తెరమీద కనిపించే పేరుపొందిన న్యాయనిర్ణేతలు వారందరినీ వినలేరు. తొలి దశల్లో వినేది కార్యక్రమ బృందం. అక్కడ వాద్యాలు ఉండవు, శ్రుతి అందించేవారు ఉండరు, దొరికేది కొద్ది సమయం. నెమ్మదిగా ఎత్తుకొని పోనుపోను విచ్చుకునే గొంతుకు ఆ కొద్ది సమయం చాలదు. మొదటి పల్లవిలోనే మెరిసే గొంతుకు అది అనుకూలం. అంటే న్యాయనిర్ణేత నోరు విప్పకముందే గడియారం ఒక తీర్పు ఇచ్చింది.

తరువాతిది కూర్పు. చిత్రీకరించినదంతా ప్రసారం కాదు. ఎవరి ఇంటి కథ చూపాలి, ఎవరి తల్లి కన్నీళ్లు చూపాలి, పాట మధ్యలో ఏ న్యాయనిర్ణేత ముఖం చూపాలి అన్నవి కూర్పు గదిలో తేలే విషయాలు. పై స్థాయికి గొంతు వెళ్లగానే న్యాయనిర్ణేత ఆశ్చర్యపోయిన ముఖం కనిపిస్తే, మనం ఆ ఆశ్చర్యాన్ని మనదిగా చేసుకుంటాం. ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెర మనకు నేర్పుతుంది. మనకు వినిపించే ధ్వని కూడా చిత్రీకరణ తరువాత మెరుగులు దిద్దుకొని వస్తుంది. జారిన స్వరాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్న కాలమిది.

మూడవది కొలమానం. ఈ పోటీల్లో పాడేది ఎక్కువగా సినిమా పాట. దానికి అచ్చుగుద్దినట్టు ఒక మూలం ముందే రికార్డయి ఉంది. కాబట్టి మూలగాయకునికి ఎంత దగ్గరగా వచ్చారన్నది తెలియకుండానే కొలబద్ద అవుతుంది. శ్రుతి, లయ, ఉచ్చారణ, భావం అనే నాలుగు ప్రమాణాలూ న్యాయమైనవే. శ్రుతి తప్పితే తప్పిందని చెప్పాల్సిందే. కానీ 'ఉచ్చారణ' అన్నప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. శిష్టభాషలో రాసిన సినిమా పాటలో శ, స తేడా చూపమనడం సబబు. పాలమూరు యాసలో పుట్టిన పాటకు అదే కొలబద్ద పెడితే ఆ పాట ప్రాణమే దోషంగా కనిపిస్తుంది.

4. ఓటు దేన్ని లెక్కిస్తుంది?

ఓటు వచ్చాక ప్రేక్షకుడు తానే న్యాయనిర్ణేతనని అనుకుంటాడు. ఒక వ్యక్తి ఒకటికి మించి ఓట్లు వేయగలిగినచోట ఓట్ల సంఖ్య మనుషుల సంఖ్య కాదు. ఓటు గొంతును కొలవడంతోపాటు ఊరినీ, భాషనూ, అభిమానాన్నీ, చేతిలో ఉన్న ఫోన్‌నూ కొలుస్తుంది.

హిందీ 'ఇండియన్ ఐడల్'లో 2006లో కారుణ్య రెండవ స్థానంలో నిలిచాడు. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ విజేతలయ్యారు. హిందీ పాట మీద ముగ్గురు తెలుగువారు చూపిన పట్టు గర్వించదగినదే. వారికి ప్రతిభ లేక ఓట్లు పడ్డాయని ఎవరూ అనలేరు. అయితే ఆ సందర్భాల్లో "మనవాడు" అనే భావన తెలుగునాట ఎంత బలంగా పనిచేసిందో ఆ రోజులు చూసినవారికి తెలుసు. ఫలితంలో ప్రతిభ పాలు ఎంత, అభిమానం పాలు ఎంత అన్నది ఓట్ల లెక్క విడదీసి చెప్పదు.

5. చట్రంలో ఇమడని పాట

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. దర్శనం మొగులయ్య నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు. 12 మెట్ల కిన్నెర మీటుతూ వీరగాథలు పాడతారు. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట ఎత్తుగడలో ఆయన గొంతు విని చాలామంది మొదటిసారి ఆయన పేరు తెలుసుకున్నారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కళను పాటల పోటీలో ఊహించి చూడండి. గాథ సాగాలంటే సమయం కావాలి. వాద్యం ఆయన చేతిలోదే కాబట్టి వేదిక మీది ఆర్కెస్ట్రాకు పని లేదు. పోల్చి చూడడానికి 'మూలగాయకుడు' లేడు. ఏ ప్రమాణంతో మార్కులు వేస్తారు?

బతుకమ్మ పాట ఇంకా దూరం. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు. చప్పట్లే తాళం. అక్కడ ప్రేక్షకులు వేరుగా లేరు, ఉన్నవారంతా పాడేవారే. పోటీకి ఒంటరి గాయకుడు, ఎదుట ప్రేక్షకుడు, పక్కన తీర్పరి తప్పనిసరి. ఈ మూడూ లేని పాటను పోటీ 'పాట'గా గుర్తించలేదు.

జానపదానికి టీవీలో చోటే దొరకలేదని మాత్రం అనకూడదు. మాటీవీలో వచ్చిన 'రేలా రే రేలా' పల్లె గొంతులను తెరమీదికి తెచ్చింది. మన జిల్లా గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న అక్కడ న్యాయనిర్ణేతగా కూర్చున్నారు. అక్కడ వినిపించిన శివనాగులు తరువాత 2018లో 'రంగస్థలం' సినిమాకు పాడాడు. కొలబద్ద మారితే గెలిచే గొంతు మారుతుందని దీనివల్ల తెలుస్తుంది. అయినా నిష్క్రమణ మాత్రం అక్కడా ఒక్కొక్కరిదే. గుంపు పాట ఒంటరి పాట కావలసి వచ్చింది.

6. పోటీ చేసిన మేలు

బాలసుబ్రహ్మణ్యం స్వయంగా పోటీ పాటల నుంచే వచ్చారు. మద్రాసులో ఒక పోటీలో ఆయన పాట విన్న ఎస్.పి. కోదండపాణి 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' ద్వారా ఆయనను సినిమాకు పరిచయం చేశారు. సినిమా కుటుంబాల అండ లేనివారికి పోటీ ఒక తలుపు. ఆ తలుపును మూసేయమని ఏ విమర్శకుడూ అనకూడదు.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. ఆనాటి పోటీలో కోదండపాణి వెతికింది ఒక గాయకుణ్ణి. టీవీ పోటీ గాయకుణ్ణి వెతుకుతూనే, వచ్చే వారానికి ఒక ఎపిసోడ్‌ను కూడా వెతుకుతుంది. ఓడినవారి ముఖం కూడా ఆ ఎపిసోడ్‌కు ముడిసరుకే.

కాబట్టి మీరు గానీ, మీ చెల్లెలు గానీ ఎంపికకు వెళ్లాలనుకుంటే తప్పక వెళ్లండి. ఎంపిక కాకపోతే రెండు ప్రశ్నలు వేరుగా అడగండి. శ్రుతి, లయల్లో లోపం ఉందా? ఉంటే అది సాధనతో తీరుతుంది, తెలిసినవారి దగ్గర కూర్చొని దిద్దుకోండి. లోపం లేకపోతే, ఆ కార్యక్రమానికి ఆ రోజు కావలసినది వేరే అని అర్థం. ఈ రెండింటినీ కలిపేసుకొని పాడడమే మానేసినవారు ప్రతి ఊరిలో ఉంటారు. ఆ నష్టం ఏ చానల్ లెక్కలోనూ కనిపించదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. న్యాయనిర్ణేత మాట్లాడకముందే పోటీ చట్రం ఇచ్చే తీర్పులు ఏవి? రెండింటిని వివరించండి.
2. ఏదైనా ఒక పాటల పోటీ ఎపిసోడ్‌ను గడియారం దగ్గర పెట్టుకొని చూడండి. పాటకు ఎన్ని నిమిషాలు, మాటలకు, కథలకు, ప్రకటనలకు ఎన్ని నిమిషాలు పోయాయో పట్టిక వేయండి. తరువాత అదే ఎపిసోడ్‌లోని ఒక పాటను కళ్లు మూసుకొని మళ్లీ వినండి. మీ అభిప్రాయం మారిందా?
3. మీ ఊరిలో నాట్లప్పుడో, పండుగలకో పాడే ఒక పాటను తీసుకోండి. దానిని పోటీ వేదిక మీదికి తెస్తే ఏమేమి వదులుకోవలసి వస్తుందో ఒక పుటలో రాయండి.