వాల్జర్ 'ముందస్తు' వాదం – ఒక పరిశీలన

శత్రువు కొట్టక ముందే కొట్టవచ్చునా అన్న ప్రశ్నకు పాశ్చాత్య పండితులు తరచుగా ఉదహరించే సమాధానాలలో అమెరికన్ తాత్త్వికుడు మైకేల్ వాల్జర్ ఇచ్చినది ఒకటి. వియత్నాం యుద్ధంపై చెలరేగిన వాదోపవాదాల నుండి పుట్టిన ఆయన గ్రంథం 'జస్ట్ అండ్ అన్‌జస్ట్ వార్స్' 1977లో వెలువడింది. అందులో ముందస్తు దాడులకు కేటాయించిన అధ్యాయం చిన్నదే అయినా, దాని వాదం నిశిత పరిశీలనకు అర్హమైనది.

1837లో బ్రిటిష్ దళమొకటి నయాగరా నది దాటి, కెనడా తిరుగుబాటుదారులకు సరఫరాలు చేరవేస్తున్న 'కారొలిన్' అనే అమెరికన్ ఓడను తగులబెట్టింది. ఆ వివాదంలో అమెరికా విదేశాంగమంత్రి డేనియల్ వెబ్‌స్టర్ కఠినమైన షరతు విధించాడు: మరో మార్గం గాని, ఆలోచించే వ్యవధి గాని లేనంతగా ప్రమాదం మీద పడి ఉండాలి. వాల్జర్‌కు ఇది మరీ ఇరుకుగా తోచింది. హాని చేయాలనే స్పష్టమైన సంకల్పం, అందుకు చురుకైన సన్నాహం, వేచివుంటే ముప్పు పెరిగే పరిస్థితి – ఈ మూడూ ఉంటే చాలునన్నాడు. 1967 జూన్ 5న ఇజ్రాయెల్ ఈజిప్టుపై చేసిన వైమానిక దాడిని దీనికి నిదర్శనంగా చూపాడు.

వాదం బెసికేది ఇక్కడే. తిరాన్ జలసంధిని మూసి, యుద్ధం లేకుండానే సేనలను సరిహద్దున నిలుపుకోగలిగితే నాసిర్ దానినే ఘనవిజయంగా భావించేవాడని వాల్జర్ స్వయంగా ఒప్పుకుంటాడు. అయితే మొదటి షరతు ఏమైనట్లు? ఇజ్రాయెల్ భయం న్యాయమైనది అన్నదే ఆయన జవాబు. అంటే సంకల్పం స్థానంలో భయం వచ్చి కూర్చున్నది. 1982 ఆగస్టులో ఇజ్రాయెల్ ప్రధాని మెనాహెమ్ బెగిన్, అది ఆత్మరక్షణ యుద్ధమేనంటూనే, సినాయ్‌లో ఈజిప్టు సేనల మోహరింపు నాసిర్ దాడి చేయబోతున్నాడనడానికి రుజువు కాదని, దాడికి నిర్ణయించుకున్నది తామేనని బహిరంగంగా చెప్పాడు.

తెలుగు పాఠకునికి 'ముందస్తు' అనగానే ముందస్తు బెయిలు గుర్తుకు రావచ్చు. అక్కడ భయపడినవాడు తన భయానికి కారణాలను న్యాయస్థానం ముందు పెట్టాలి, తీర్పు మరొకరిది. వాల్జర్ ఏర్పాటులో దాడికి ముందు భయపడేవాడే న్యాయమూర్తి.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఇదే భయాన్ని వేరుగా పరిగణించింది. ఒడంబడిక ఉన్న జాతి నుండి ద్రోహభయం కలిగితే, ఆ ఒడంబడికను బాహాటంగా వారికి తిరిగి అప్పగించాలని సూరా అన్‌ఫాల్ 58వ ఆయత్ ఆదేశం. ఆ కబురు వారి రాజ్యమంతటా చేరే వ్యవధి కూడా ఇవ్వాలని హనఫీ గ్రంథం 'హిదాయా' నిర్దేశిస్తుంది. వారే సమష్టిగా ద్రోహానికి దిగితే మాత్రం ఈ నియమం వర్తించదు. గడువు ముగిసిన మరుక్షణం రోమనులపై పడాలని హజ్రత్ ముఆవియా సేనను వారి భూభాగం వైపు నడిపిస్తుండగా, అమ్ర్ బిన్ అబసా గుర్రంపై వచ్చి ప్రవక్త (స) పలుకును గుర్తుచేయడం, ఆయన సేనతో సహా వెనుదిరగడం తిర్మిజీ, అబూదావూద్ హదీసు సంపుటాలలో నమోదైవున్నది. ఒడంబడిక లేనివారి విషయం ఈ నియమంతో తేలదన్నది నిజమే. ముస్లిం రాజ్యాలు దీనిని పాటించాయనడానికీ వీలులేదు. 1980 సెప్టెంబరు 22న ఇరాన్‌పై దాడికి దిగిన ఇరాక్ చెప్పిందీ ఆత్మరక్షణ పేరే.

2003లో ఇరాక్‌పై యుద్ధాన్ని వాల్జర్ వ్యతిరేకించాడు, తక్షణ ప్రమాదం లేదన్నాడు. ఇది ఆయన నిజాయితీకి తార్కాణం. కాని భయానికి ఒకసారి తెరచిన తలుపు ఆయన కోరినచోట మూసుకోదు. 1981 జూన్ 7న బాగ్దాద్ సమీపంలోని ఒసిరాక్ రియాక్టర్‌ను ఇజ్రాయెల్ విమానాలు ధ్వంసం చేసేనాటికి అది పనిచేయడమే ఆరంభించలేదు. ఇరాక్ అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో సభ్యదేశం. భద్రతామండలి 487వ తీర్మానంలో ఏకగ్రీవంగా ఖండించింది. ఆ తరువాత ఇరాక్ అణు ప్రయత్నం తనిఖీదారుల కంటపడకుండా రహస్యంగా విస్తరించింది. దాని పరిమాణం 1991 యుద్ధానంతరం గాని బయటపడలేదు. 2025 జూన్ 13న ఇరాన్‌పై జరిపిన దాడినీ ఇజ్రాయెల్ 'ముందస్తు' అనే పిలిచింది. మూడు వారాలు తిరగకుండానే అంతర్జాతీయ అణుశక్తి సంస్థతో సహకారాన్ని నిలిపివేసే చట్టం టెహ్రాన్‌లో అమలులోకి వచ్చింది.