రాకాసిలోయకు దారి

బద్వేలు పిల్లలకు రాకాసిలోయ ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కరలేదు. ఊరికి పడమట లంకమల కొండలున్నాయి గదా, వాటి అవతల! 1960లలో చందమామలో ఆ సీరియల్ వచ్చే రోజుల్లో మాలో ఒక్కడికి కూడా ఈ సంగతిలో అనుమానం ఉండేది కాదు. కేశవుడూ జయమల్లుడూ తిరిగిన అడవి అదే, బ్రహ్మదండి మాంత్రికుడు దాక్కున్న గుట్టలు అవే. కట్టెలకు పోయి వచ్చినవాళ్ళను దారిలో నిలేసి, "ఏమప్పా, ఆడ ఏమన్నా అగపడిందా?" అని అడిగేవాళ్ళం. "ఆ, అగపడింది. మీ అయివారు బెత్తం పట్టుకుని నిలబడినాడు, పోండి" అనేవాళ్ళు.

అంత నమ్మినవాళ్ళం, అది రాసిందెవరని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. పత్రికలో పేరుంటే గదా అడగడానికి! బొమ్మల మూల చిత్రాగారి సంతకం ఉండేది కాబట్టి ఆ పేరొక్కటే మాకు తెలుసు. కథ కూడా ఆయనే చెబుతున్నాడని కొంతమంది వాదించేవాళ్ళు.

రాసినాయన దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో పుట్టి 2010లో పోయారు. 1952లో మద్రాసులో చందమామ ఆఫీసుకు వచ్చి 2006 దాకా అక్కడే పనిచేశారు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకరదేవత', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం' అంటూ 'భల్లూక మాంత్రికుడు' దాకా పన్నెండు సీరియల్స్ రాశారు. ఒక్కదానికీ పేరు లేదు. ఆ ఆఫీసు పద్ధతి అది. కొడవటిగంటి కుటుంబరావుగారంతటివారే 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను దిద్ది తీర్చి, పేరు ఊసెత్తలేదు. 1947లో పత్రిక పెట్టినవారు చక్రపాణిగారు, నాగిరెడ్డిగారు. నాగిరెడ్డిగారు మా కడప జిల్లా పొట్టిపాడు మనిషే కనుక, ఈ నేరంలో మా జిల్లాకూ కొంత వాటా ఉందని ఒప్పుకుంటాను.

ఇంతకీ నా గొడవ పేరు గురించి కాదు. కాలేజీలో చదివే రోజుల్లో లైబ్రరీలో బర్టన్ దొర ఇంగ్లీషు చేసిన అరేబియన్ నైట్స్ దొరికింది. తిరగేస్తుంటే జూదర్ అనే జాలరివాడి కథ వచ్చింది. కైరో దగ్గర కారూన్ అనే సరస్సు. వాడు వల భుజాన వేసుకుని నిలబడితే ఎవడో పరదేశి వచ్చి, నా చేతులు కట్టి నీళ్ళలోకి తొయ్యి అంటాడు. చేతులు పైకి వస్తే వల విసురు, కాళ్ళు పైకి వస్తే నేను చచ్చినట్టు అంటాడు. చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి. ఇది మా పింగళుడి కథ! 'ముగ్గురు మాంత్రికులు'! ఆ సరస్సు మా బద్వేలు చెరువేననుకుని, అలుగు పారే రోజుల్లో కట్టమీద నిలబడి ఎవరి కాళ్ళు తేలుతాయోనని చూసినవాణ్ణి నేను. ఇద్దరు దుర్మార్గపు అన్నలు కూడా అరబ్బు కథలో తయారుగా ఉన్నారు.

మోసపోయాననిపించింది. చాలా ఏళ్ళు ఎవరైనా చందమామ సీరియల్స్ మాట ఎత్తితే, "అదా, అరబ్బుల దగ్గర ఎత్తుకొచ్చిందిలే" అని తేల్చేసేవాణ్ణి. అలా అనడంలో కాస్త పాండిత్యం కూడా కనిపిస్తుందాయె.

ఆ మాట తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. అరువు తేవడం తప్పయితే మన కథల ఇళ్ళు చాలా ఖాళీ చేయాల్సివస్తుంది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు ఎన్ని ఊళ్ళ నీళ్ళు తాగినవో ఎవరు లెక్కపెట్టారు? సుబ్రహ్మణ్యంగారు ఉద్యోగంలో చేరడానికి ముందు సంవత్సరమే, 1951లో, ఆ యజమానులే తీసిన 'పాతాళభైరవి' వచ్చింది. తీసినాయన తాడిపత్రి కె.వి.రెడ్డిగారు. అందులో అల్లావుద్దీను దీపం వెలుగు పడలేదా? చందమామ మాంత్రికులందరికీ ఆ నేపాళ మాంత్రికుడు పెదనాన్న వరస అవుతాడని నా అనుమానం. మా అవ్వ రాత్రిళ్ళు చెప్పిన కథలు మాత్రం ఆమె సొంతమా? ఎక్కడివవ్వా అంటే, "వినేవాడికి కతెందుకు, కత యాడిదైతే నీకేమి?" అని కసిరేది.

చూడాల్సింది తెచ్చుకున్నదాన్ని ఏం చేశాడని. అరబ్బు కథలో జూదర్‌ను సొంత అన్నలే ఓడవాడికి అమ్ముతారు. చివరికి విషం పెట్టి చంపుతారు కూడా. రక్తం పంచుకున్నవాడే పగవాడు. సుబ్రహ్మణ్యంగారు ఆ అన్నదమ్ముల కథ ఒకసారి చెప్పి, తర్వాత వేరే దారి పట్టారు. కేశవుడికి జయమల్లుడు, శిఖిముఖికి విక్రమకేసరి, ఖడ్గవర్మకు జీవదత్తుడు, జయశీలుడికి సిద్ధసాధకుడు. వీళ్ళు అన్నదమ్ములు కారు, దారిలో కలిసిన స్నేహితులు. ఒకడి దగ్గర కత్తి ఉంటే ఇంకొకడి దగ్గర ఉపాయం ఉంటుంది, లేదా శూలం పట్టుకుని మహాకాళుణ్ణి తలుచుకుంటూ నవ్వించే గుణం ఉంటుంది. తమాషా ఏమిటంటే, పింగళుణ్ణి ఏడిపించిన అన్నల్లో ఒకడి పేరు జీవదత్తుడు. ఏళ్ళు గడిచాక 'యక్షపర్వతం'లో అదే పేరు ప్రాణమిచ్చే స్నేహితుడికి పెట్టారు. కావాలని పెట్టారో, పేర్లు తడుముకుంటే అదే చేతికి తగిలిందో గాని, నాకు మాత్రం ఆయన ప్రయాణమంతా ఆ ఒక్క పేరులో కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఆయన హేతువాది. మంత్రాలంటే నమ్మకం లేని మనిషి పాతికేళ్ళు మాంత్రికుల మీద బతికాడని నవ్వుకోవచ్చు. కాని ఆ మాంత్రికుల గతి చూడండి. ఎంత తపస్సు చేసినా, ఎన్ని పుర్రెలు పోగేసినా, ఆశ ఎక్కువై బోర్లా పడతారు. వాళ్ళను పడగొట్టేది ఇంకో పెద్ద మంత్రం కాదు, భయపడకుండా ఒక్క నిమిషం ఆలోచించిన కుర్రవాడు. అమావాస్యకు మూడుబాటల దగ్గర నిమ్మకాయ కనిపిస్తే చుట్టు తిరిగిపోయే మా ఊళ్ళో, దాన్ని మొదటిసారి దాటి పోయింది చందమామ చదివిన పిల్లలే. దాటినవాళ్ళలో నేను లేను, అది వేరే విషయం.

లోపాలు లేవనను. ఆయన రాకుమార్తెలు ఎత్తుకుపోబడటానికే పుట్టినట్టు ఉంటారు. ఆఖరి సీరియల్స్‌కు వచ్చేసరికి ఏ గుహలో ఏముందో పాఠకుడికి ముందే తెలిసిపోతుంది. మధ్యలో ఒకసారి చక్రపాణిగారికి ఈ మాంత్రికులు మొహం మొత్తి బంకించంద్రుని 'దుర్గేశనందిని' వేయించారనీ, పాఠకులు మళ్ళీ మాంత్రికులే కావాలన్నారనీ చెప్పుకుంటారు. పాఠకుల్ని నేను తప్పు పట్టలేను. నెల చివర హీరోను కొండ అంచున వేలాడదీసి వదిలేస్తే, తర్వాతి సంచిక వచ్చేదాకా మాకు అన్నం సయించేది కాదు.

అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు ఆయన అడవి మీద. అందులో చెట్లకు పేర్లు లేవు. లంకమలలో ఎర్రచందనం ఉంది, కలివికోడి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986లో సిద్ధవటం దగ్గర మళ్ళీ కనిపించింది. సుబ్రహ్మణ్యంగారి అడవిలో ఇలాంటి గుర్తు ఒక్కటీ ఉండదు. అడవంటే అడవి, కొండంటే కొండ. తెలుగులో రాసింది తమిళంలోకి, హిందీలోకి, కన్నడంలోకి ఇంకా ఎన్నో భాషల్లోకి పోవాలి గనుక ఏ ఊరికీ చెందని అడవిని అల్లారు. విమర్శకుడిగా దీన్ని లోపమనే రాయాలి. రాస్తున్నాను కూడా. కాని ఆయన ఆ అడవిలో చెట్లకు పేర్లు పెట్టి ఉంటే, మా లంకమలకు అందులో చోటుండేదా? ఎక్కడో మధురై పక్కన కూడా ఒక కుర్రవాడు తన ఊరి కొండను చూపించి ఇదే రాకాసిలోయ అనే ఉంటాడు.

సీరియల్స్ ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాక ఒకటి కొని మా మనవడికిచ్చాను. వాడు అట్టమీద పేరు కూడబలుక్కుని చదివి, "ఈ తాత మన ఊరాయనా జేజినాయనా?" అన్నాడు. కాదన్నాను. "మరి లంకమల ఎట్ల తెలుసు?" అన్నాడు.