మోకాలు దక్కాలంటే

‘కాలు తీయకుండా మందులతో తగ్గదా సిస్టర్?’ రియాద్‌లో మా సర్జికల్ వార్డుకొచ్చే తెలుగువాళ్లు ముందు అడిగేది ఇదే. జగిత్యాల, నిజామాబాద్, కడప... ఊరేదైనా కథ ఒకటే. షుగర్ ముదిరి అరికాలికి స్పర్శ పోయింది, సేఫ్టీ షూ ఒరుసుకుని బొబ్బ లేచింది, నొప్పి తెలియక పని మానలేదు. హజ్‌కొచ్చే షుగర్ రోగులు కొందరు కాలే నేలమీద చెప్పుల్లేకుండా నడిచి, చర్మం ఊడేదాకా గమనించుకోరు.

మొదట్లో వేలితో పోయేది, ఆలస్యమైతే పాదందాకా, ఆపైన పిక్కదాకా వస్తుంది. సర్జన్ మోకాలి కోసమే తాపత్రయపడతాడు. మోకాలు మిగిలితే కృత్రిమ కాలుతో నడక తేలిక, దాని పైన తీస్తే నాలుగడుగులకే ఆయాసం. అందుకే ముందు డాప్లర్ పరీక్షతో రక్తం ఎక్కడిదాకా పారుతోందో చూస్తారు. మోకాలి కింద తీసేటప్పుడు వెనక పిక్క కండను పొడవుగా ఉంచుతారు. ఎముక కొసను నున్నగా అరగదీసి, ఆ కండను ముందుకు మడిచి మెత్తలా కప్పి కుడతారు. నరాన్ని కొద్దిగా కిందికి లాగి, కోసి వదిలేస్తే కండలోకి జారుకుంటుంది. పైపైనే ఉండిపోతే కృత్రిమ కాలు తగిలినప్పుడల్లా జివ్వుమంటుంది. ఎంత ఓపికైన పనో దగ్గరుండి చూస్తేగానీ తెలియదు.

ప్రమాదాలు దాచకూడదు. కుట్లు మానకపోవచ్చు, చీముపట్టి ఇంకా పైకి తీయాల్సి రావచ్చు, రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరవచ్చు. గుండె, కిడ్నీలు బలహీనమైతే ప్రాణానికే ముప్పు. లేని పాదంలో మంట చాలామందికి వస్తుంది, అది భ్రమ కాదు, దానికీ మందులున్నాయి. మోకాలి కింద దిండు మాత్రం పెట్టకండి, కీలు వంగి బిగుసుకుపోతుంది.

నేను ఎక్కువగా భయపడేది ఇంటినుంచి వచ్చే ఫోన్‌కి. ‘సంతకం పెట్టకు, ఇక్కడికొచ్చెయ్, మనూళ్లో చూపిద్దాం’ అంటారు. కాలు పోతే కొలువు పోతుంది, అప్పు మిగులుతుంది, ఆ దిగులు నిజమే. కానీ కుళ్లిన కాలితో ఎగ్జిట్ కాగితాల కోసం ఎదురుచూసేలోపు ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతుంది, మోకాలూ దక్కదు. ఖర్చు సంగతంటారా, ఇక్కడ ప్రైవేటు కంపెనీ కార్మికుడికి ఆరోగ్య ఇన్సూరెన్స్ కట్టాల్సింది యజమానే. పనిలో తగిలిన గాయాల కోసం విదేశీయుల పేరున కూడా జీతంలో 2 శాతం గోసీకి (సౌదీ సామాజిక బీమా సంస్థ) యజమానే చెల్లించాలి. అందుకే గాయమైన రోజే కంపెనీలో రాయించుకోవాలి.

మీవాళ్లెవరైనా ఇక్కడుంటే, ఈ వారం ఫోన్లో అడగండి: రాత్రి షూ విప్పాక అరికాళ్లు చూసుకుంటున్నారా? పుండు కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లమనండి. దారి తోచకపోతే సౌదీ ఆరోగ్యశాఖ నంబరు 937.