గోడ ఎవరిది?

చామోర్షి చుట్టూ గోండు పల్లెలు. కనుక జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పేరు మనకు పరాయిది కాకూడదు. పాటన్‌గఢ్ గోడలమీద బొమ్మలు వేసే ఆ పర్ధాన్ గోండును జె. స్వామినాథన్ భోపాల్ భారత్ భవన్‌కు తెచ్చారు. 1989లో ఆయన బొమ్మలు పారిస్ చేరాయి. 2001లో జపాన్‌లోని మిథిలా మ్యూజియంలో పనిచేస్తూ ప్రాణం తీసుకున్నారు. 2010లో న్యూయార్క్ వేలంలో ఆయన బొమ్మ ఒకటి 31,250 డాలర్లు పలికింది! స్వామినాథన్ చూపును నేను తక్కువ చెయ్యను. కాని పిలిచిందీ, వేలాడదీసిందీ, వెలకట్టిందీ ఇతరులే.

మద్రాసు దగ్గర, 1966లో నెలకొన్న చోళమండల్ దారి వేరు. కె.సి.ఎస్. పణిక్కర్ వెంట వచ్చిన చిత్రకారులు బాతిక్ బట్టలు అమ్ముకుని నేల కొన్నారు. బట్ట బజారుకు, బొమ్మ తమకు. అక్కడి బొమ్మల్లో కొన్ని నాకు నచ్చవు, అది వేరే మాట. ఏది వేలాడదీయాలో, ఏది అమ్మాలో వేసినవాళ్ళే తేల్చుకున్నారు.