గోపురం నీడా, బావగారి కారూ

మా బావగారు ఈ కాలమ్‌కి కొత్తవారు కాదు. వీధి చివర కొట్లో కొత్తిమీర కట్ట కావాలన్నా కారు తాళాలు వెతుక్కునే మనిషి. ఈ వారం ఆయన వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో తీసి పంపారు. శ్రావణం వెళ్లాక తమిళనాడు యాత్రట, సొంత కార్లో. మొదటిరోజు కుంభకోణం చుట్టూ నవగ్రహాలు తొమ్మిదీ. రెండోరోజు పొద్దున్నే దారాసురం. ఆ తర్వాత, అక్షరం పొల్లుపోకుండా చెబుతున్నాను: “తంజావూరు 11.30 – 12.15. నీడ పడని గోపురం. ఫొటోలు.” అటునుంచి అటే శ్రీరంగం. కాగితం అడుగున ఎర్ర సిరాతో: “తిరువయ్యారు – టైముంటే.”

ఆ చివరి ముక్క చదివాక నాకు ఒళ్లు మండింది. త్యాగరాజస్వామి వారికి టైముంటేనా!

కారు మీద నా కోపం పాతదే, దాన్ని మళ్లీ తవ్వి పోయనక్కర్లేదు. నీడ సంగతి మాత్రం చెప్పాలి. తంజావూరు పెద్ద గుడి విమానం 200 అడుగుల పైచిలుకు. దాని నీడ నేల మీద పడదని గైడులు చెబుతారు, మన పెద్దవాళ్లూ చెప్పారు. పడుతుంది. సాయంత్రం ఐదింటికి ఆవరణలో నిలబడితే విమానం నీడ పలకల మీద బారుగా సాగుతుంది, పిల్లలు అందులో పరుగులు పెడతారు. మరి ఇన్నాళ్లూ ఆ కథ ఎలా బతికిందయ్యా అంటే, చూడవచ్చిన వాళ్లలో చాలామంది మిట్టమధ్యాహ్నానికి దిగుతారు గనక. కుంభకోణంలో పొద్దున టిఫిను చేసి బయల్దేరిన కారు తంజావూరు చేరేది సూర్యుడు నడినెత్తికొచ్చే వేళకే. అప్పుడు ఏ కట్టడం నీడయినా దాని కాళ్లకిందే ఉంటుంది. పైగా చెప్పులు బయట విడవాలి. రాతి నేల పెనంలా కాలుతుంటే పరిచిన పట్టా దాకా పరుగు, అక్కణ్ణించి మరో పట్టాకి పరుగు. నీడ ఉందో లేదో చూసే ఓపిక ఎవరికుంటుంది? గర్భాలయం కూడా మధ్యాహ్నం మూసేసి మళ్లీ నాలుగింటికే తెరుస్తారు. అప్పటికి బావగారు శ్రీరంగంలో పార్కింగు వెతుక్కుంటూ ఉంటారు.

ఆ మధ్య తమిళుల ఆడి మాసంలో అక్కా నేనూ కారు లేకుండా వెళ్లాం. చెన్నై సెంట్రల్‌లో దిగితే ఎగ్మూరు మెట్రోలో ఒక్క స్టేషనే. ఎగ్మూరులో రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి తంజావూరు. రైల్వే స్టేషను, పాత బస్టాండు, పెద్ద గుడి, రాజుగారి కోట అన్నీ ఒకదాని నుంచి ఒకటి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. గుడికి దగ్గర్లో లాడ్జి తీసుకున్నాం. అదొక్కటే మేం చేసిన తెలివైన పని. ఎండ ఎక్కకముందు ఒకసారి, దిగాక ఒకసారి గుడికి నడిచి వెళ్లడమే తప్ప వేరే కార్యక్రమం లేదు.

పొద్దున్న పూట ఆ గుడి టూరిస్టులది కాదు, ఊరివాళ్లది. ప్రదక్షిణకి వచ్చిన ఒక రిటైర్డు మాస్టారు మా తెలుగు విని పలకరించి, ఉత్తరపు ప్రాకారం గోడ దగ్గరికి తీసుకెళ్లారు. వేలితో అక్షరాలు తడుముతూ చదివి, వచ్చీరాని తెలుగులో చెప్పారు. 1010లో గుడి పూర్తిచేసిన రాజరాజచోళుడు వేరే ఊళ్ల గుళ్ల నుంచి నాలుగు వందల మంది నాట్యగత్తెల్ని రప్పించి గుడి చుట్టూ వీధుల్లో కాపురం పెట్టించాడు. ఎవరు ఏ వీధిలో, ఏ వరసలో, ఎన్నో ఇంట్లో ఉంటారో, ఏ ఊరి నుంచి వచ్చారో, అంతా పేర్లతో సహా రాతిమీద ఉంది. అక్క ఆ గీతల వంక చాలాసేపు చూసి, “వీళ్లందరూ నడిచొచ్చారంటావా?” అంది. మాస్టారికి ప్రశ్న అర్థం కాలేదు, నాకు జవాబు తెలియదు.

ఎండ ముదిరాక కోట. తంజావూరు కోట అంటే సగం మనదే. చేమకూర వెంకటకవి విజయవిలాసం అంకితం పుచ్చుకున్న రఘునాథ నాయకుడు ఏలిన చోటు. రంగాజమ్మ మన్నారుదాస విలాసం రాసిన కొలువు. నాయకుల తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును వదల్లేదు. సరస్వతీ మహల్లో అద్దాల వెనక తాటాకుల్లో మన లిపి కనిపించగానే అక్క ముఖం వెలిగింది. రెండో శరభోజీ రాజుకి కంటి వైద్యం మీద ఆసక్తి. రోగుల కళ్ల బొమ్మలు వేయించి వివరాలు రాయించాడు. అక్కకి అప్పుడే శుక్లాల ఆపరేషను అయింది కాబట్టి ఆ సంగతి దగ్గర కదల్లేదు.

అసలు చెప్పాలనుకున్నది తిరువయ్యారు బస్సు గురించి. తంజావూరు నుంచి 13 కిలోమీటర్లు, టౌను బస్సు. అక్కకి కండక్టరు జీరో టికెట్టు చింపి ఇచ్చాడు, నా దగ్గర డబ్బులు తీసుకున్నాడు. ఆడవాళ్లకి ఉచిత బస్సు ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది గానీ అప్పటికి అక్కకి అది కొత్త. టికెట్టు మడిచి పర్సులో దాచుకుంది. కిటికీ పక్క సీటు. ఊరు దాటకముందే ఒక వంతెన, వడవారు. కాసేపటికి వెన్నారు. తర్వాత వెట్టారు, ఆపైన కుడమురుట్టి. నాలుగు వంతెనలయ్యాయి. ఐదోది కావేరి, అది కూడా దాటితే ఊరొస్తుంది. పంచనద క్షేత్రం అని కచేరీల్లో వందసార్లు విన్నాను. వేళ్లు మడుచుకుంటూ నదులు లెక్కపెట్టింది మాత్రం ఆ బస్సులోనే. మామూలుగా జూన్ 12న మెట్టూరు ఆనకట్ట తలుపులెత్తుతారు, ఆ నీళ్లే ఈ పాయలన్నిటికీ. ఆడిలో వెళ్లాం కాబట్టి అన్నీ నిండుగా ఉన్నాయి. ఎండాకాలంలో వెళ్తే వంతెన కింద ఇసక చూసి రావచ్చు.

సమాధి కావేరి ఒడ్డున. అక్కడ త్యాగరాజస్వామికి ఎదురుగా ఒకావిడ విగ్రహం ఉంటుంది. పుష్య బహుళ పంచమినాడు వందలాది గొంతులు పంచరత్నాలు పాడుతుంటే టీవీలో చూసేవాళ్లకి ఆవిడ కనబడదు. బెంగళూరు నాగరత్నమ్మ. స్వామివారి సమాధి పాడుబడి ఉందని తెలిసి, తను సంపాదించిన ఆస్తి పెట్టి 1920లలో గుడి కట్టించింది. అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదు. అంటే గుడి కట్టించిన మనిషికే ఆ గుడి ముందు పాడే హక్కు లేదు. ఆడవాళ్లని కూడగట్టుకుని తనే వేరుగా ఆరాధన జరిపింది. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని 1910లో అచ్చువేయించిందీ ఈవిడే. అదే తంజావూరు కొలువులో, ప్రతాపసింహుడి కాలంలో పుట్టిన కావ్యం. అశ్లీలమని తెల్లదొరలు నిషేధించారు. 1947లో టంగుటూరి ప్రకాశంగారి హయాంలో గానీ నిషేధం తొలగలేదు. ఇంత తెలుగు చరిత్ర ఒక కావేరి గట్టు మీద కుదురుగా కూర్చుని ఉంటే, మనవాళ్లు దాన్ని “టైముంటే” అని రాసుకుంటున్నారు.

అక్క ఆ విగ్రహం ముందు కూర్చుని ఎందరో మహానుభావులు సన్నగా అందుకుంది. శ్రుతి కొంచెం తప్పింది. పక్కన పువ్వులు కోస్తున్న పనివాడు ఆగి విన్నాడు. బయటికొచ్చి అశోకా హల్వా తిన్నాం. పేరు ఘనంగా ఉంటుంది గానీ పెసరపప్పు, నెయ్యి, చక్కెర, అంతే. చక్కెర ఎక్కువని అక్క తీర్పు.

ఇక్కడ ఆపేస్తే కారు ఓడిపోయి బస్సు గెలిచినట్టు ఉంటుంది. కానీ తిరుగు ప్రయాణం ఉంది కదా. బస్సు మెట్టు మోకాలంత ఎత్తు. అక్క రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, నేను వెనకనుంచి మోచెయ్యి అందిస్తే, పళ్లు బిగబట్టి ఎక్కింది. పక్క సీట్లో అరిటాకుల కట్టతో ఒకామె. “ఆంధ్రా వాళ్లు వేన్‌లో కదా వస్తారు?” అని అడిగింది. బస్సంటే మాకిష్టం అని నా అరకొర తమిళంలో చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఆకుల కట్టకి ఎవరైనా బండి ఇస్తే తను బస్సు మొహం చూడనంది. అక్క అంతా అర్థమైనట్టే నవ్వి, తంజావూరులో దిగాక అసలు మాట అంది: “నీ సరదా నీది గానీ, మోకాళ్లు నావిరా. రేపు ఆటో మాట్లాడు.”

మాట్లాడాను. మర్నాడు ఆటోలో ఆగి ఆగి తిరిగాం, వీణలు చేసే ఇంటికి కూడా వెళ్లాం. పనస దుంగ లోపలి భాగం ఉలితో తొలుస్తున్నాడు, గదంతా పచ్చటి పొట్టు. అక్క హాయిగా ఆటోలోనే కూర్చుని, అతను బయటికి తెచ్చి చూపిస్తే చూసింది. గంగైకొండ చోళపురం మాత్రం మానుకున్నాం. బస్సులు మారుతూ వెళ్లిరావడానికి రోజంతా పడుతుంది, ఆ మోకాళ్లతో అది పని కాదు. కారుంటే ఒక పూటలో అయ్యేది. ఈ కాలమ్‌లో ఈ వాక్యం రాస్తానని నేనూ అనుకోలేదు.

కాబట్టి బావగారికి జవాబు రాశాను. కారు తెచ్చుకోండి, తప్పులేదు, అక్క కూడా వస్తోంది కదా. నవగ్రహాల్లో ఒక నాలుగింటికి మరోసారి వస్తామని దణ్ణం పెట్టుకోండి. తంజావూరులో రెండు రాత్రులు, పెద్ద గుడికి నడిచిపోయేంత దగ్గర్లో గది తీసుకుని, కారు అక్కడే పెట్టేయండి. గంగైకొండ చోళపురం వెళ్లే రోజున తీస్తే చాలు. గుడికి పొద్దున ఆరింటికి వెళ్లండి, మళ్లీ సాయంత్రం ఐదింటికి. నీడ మీరే చూస్తారు. ఆయన నుంచి బొటనవేలి గుర్తు వచ్చింది, ఒప్పుకున్నట్టో తోసిపుచ్చినట్టో తేల్చుకోలేకపోతున్నాను.

మోకాళ్లు బాగున్న పాఠకులకి ఒక్క మాట. తిరువయ్యారుకి టౌను బస్సు పాత బస్టాండులో ఎక్కాలి. ఆటోవాడు కొత్త బస్టాండుకి పదమంటే ఒప్పుకోకండి, అది ఊరికి చాలా దూరం.