విజ్ఞానవాఙ్మయమున అధికారి నిర్ణయము – అరకు కొండల దృష్టాంతము

శాస్త్రగ్రంథము నారంభించునపుడు మన పూర్వులు నాలుగు సంగతులను ముందుగా నిర్ణయించెడివారు. చెప్పబడు విషయమేమి, దానివలని ప్రయోజనమేమి, గ్రంథమునకును విషయమునకును గల సంబంధమెట్టిది, దానిని చదువదగిన అధికారి యెవడు అను నీ నాలుగింటికి అనుబంధచతుష్టయమని పేరు. ప్రాచీన శాస్త్రగ్రంథములకై యేర్పడిన యీ కొలతను నేటి విజ్ఞానవాఙ్మయమునకు వర్తింపజేసి చూచుట ఈ వ్యాసోద్దేశము. విజ్ఞానవాఙ్మయమనగా ప్రకృతిశాస్త్ర విషయములను శాస్త్రజ్ఞులు కానివారికి తెలియజెప్పు రచన యని యిచట గ్రహింపవలెను.

ఈ విద్య ఇటీవల విశ్వవిద్యాలయములలో ప్రత్యేక పాఠ్యవిషయమైనది. ఎడింబరో విశ్వవిద్యాలయము శాస్త్రప్రసారము, ప్రజాసంబంధము అను విషయమున స్నాతకోత్తర పాఠక్రమమును అంతర్జాలము ద్వారా, ఉద్యోగము విడువకయే చదువుకొను వీలుతో ఏర్పరచినది. దూరవిద్య మనకు క్రొత్త కాదు. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే స్థాపితమైనది. కావున అరకులోనో పాడేరులోనో పాఠశాలయందు బోధించుచున్న ఒక ఉపాధ్యాయిని సాయంకాలములందు ఇట్టి విద్యను ఇంటినుండి అభ్యసించుట ఊహకందని విషయము కాదు. ఆమె తన గురువులనుండి చెప్పునేర్పును గ్రహింపగలదు. కాని ఆమె యెదుట కూర్చుండు శ్రోత యెవడో ఆ గురువు లెరుగరు. తెలుగు విజ్ఞానరచన ఆమెకు ఈ విషయమున ఎంతవరకు తోడ్పడగలదు? ఇదియే విచార్యాంశము.

తెలుగున ఆధునిక విజ్ఞానరచనకు దారి తీసినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ముఖ్యులు. మూఢవిశ్వాసములను తొలగించుట వారి సంస్కారోద్యమములో నొక భాగము. శరీరశాస్త్రము, జ్యోతిశ్శాస్త్రము మున్నగువానిపై వారి రచనలు ఆ యుద్దేశమునకు అంగములు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, వారి మిత్రులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి ఆ పనిని వ్యక్తిచేతినుండి సంస్థచేతి కందించినది. చరిత్రతోపాటు రసాయన, పదార్థవిజ్ఞాన, జీవశాస్త్రములను తెలుగున చదువవచ్చునని ఆ మండలి నిరూపించెను. లక్ష్మణరావుగారు 1923లో కీర్తిశేషులగునాటికి ఆంధ్రవిజ్ఞానసర్వస్వము అసంపూర్ణముగనే యున్నను, తెలుగువచనము ఏ శాస్త్రభారమునైనను మోయగలదను ధైర్యము పాఠకులకు కలిగినది.

ఈ రచనలలో విషయము స్పష్టము, ప్రయోజనము ఉదాత్తము. అధికారి యెవడని విచారించినచో, అక్షరాస్యుడు, మైదానవాసి, సంస్కృతసమాసములు కొంత పరిచయమైనవాడు అని తేలుచున్నది. ఆకాలమున అచ్చుపుస్తకము చేరగలిగినది అట్టివానినే గనుక ఇది దోషమని చెప్పరాదు. తరువాత నండూరి రామమోహనరావుగారి ‘విశ్వరూపము’, ‘నరావతారము’ వంటి రచనలు పారిభాషిక పదముల బరువు తగ్గించి, వార్తాపత్రిక చదువు సామాన్యునికి ఖగోళమును, జీవపరిణామమును కథవలె చెప్పినవి. అధికారి పరిధి విస్తరించినది. విస్తరించియు అది తెలుగు చదువగలవానియొద్దనే ఆగినది. చదువరి తనయొద్దకు వచ్చునని రచయిత యెదురుచూచుటయే ఇంతవరకు జరిగినది గాని, రచయిత శ్రోతయొద్దకు బోవుట అరుదు.

ఆ అరుదైన పనిని చేసినవారు గిడుగు వేంకట రామమూర్తిగారు (1863–1940). వ్యావహారికభాషోద్యమ నాయకులుగా వారి ప్రఖ్యాతి యెంతటిదనగా, ఆ వెలుగులో సవరభాషాకృషి ఉపాఖ్యానముగా మిగిలిపోయినది. ఈ క్రమమును తలక్రిందు చేసి చూడవలసి యున్నదని నా యభిప్రాయము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్న రామమూర్తిగారు, తూర్పుకనుమల ఉత్తరభాగమున నివసించు సవరలకు చదువు చెప్పదలచి, ముందుగా తామే వారి భాష నేర్చుకొనిరి. సవర తెలిసినవానిని ఇంట నుంచుకొని నేర్చిరి, సవరపిల్లలకై సొంతవ్యయముతో పాఠశాలలు నడపిరి. ఆ పరిశ్రమ ఫలముగా 1931లో సవరభాషావ్యాకరణము, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. భాష జనులనోట నెట్లున్నదో అట్లే గ్రహింపవలెనను సూత్రము వారికి 1906 తరువాతి తెలుగు వాదములకంటె ముందుగనే, ఆ సవరకృషిలో, అనుభవసిద్ధమై యుండెను. గురువు ముందు శిష్యుడై, పిమ్మట గురువగుట ఆ పద్ధతి. విజ్ఞానచంద్రిక గ్రంథమును శాస్త్రానుగుణముగా రచించుట నేర్పినది. గిడుగువారు దానికి తగిన అధికారిని వెదకుకొనుట నేర్పిరి. ఈ రెండు ధారలును తెలుగున కలియలేదు.

వాని వియోగమువలని నష్టమును అరకు కొండలలో ప్రత్యక్షముగా చూడవచ్చును. 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరియున్న ఈ ప్రాంతమున కొండదొరల కూబి, కోందుల కువి ద్రావిడభాషలు. గదబలలో కొందరిది ద్రావిడభాష, మరికొందరిది సవరవలె ముండాశాఖకు చెందిన భాష. పలుతెగలకు వ్యవహారభాషగా నున్న ఆదివాసీ ఒరియా ఆర్యభాష. ఒక్క సంతలో మూడు భాషాకుటుంబములు బేరమాడుచున్నవి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి కూబి భాషావర్ణనము 1969లో వెలువడినది. భాషాశాస్త్రమునకు ఈ కొండలు చిరపరిచితములేయైనను, విజ్ఞానరచనకు మాత్రము అపరిచితములు.

మొదటి దృష్టాంతము మలేరియా. దోమ ఈ వ్యాధిని వ్యాపింపజేయునను సత్యమును రొనాల్డ్ రాస్ 1897లో సికిందరాబాదుననే కనుగొనెను గనుక ఇది తెలుగునేలపై పుట్టిన జ్ఞానమే. దీనిని ప్రజలకు తెలుపు కరపత్రములలో, గోడవ్రాతలలో సామాన్యముగా కనబడు ఉపదేశము ఇంటిచుట్టు నీరు నిలువనీయరాదని. పట్టణమునకు, డెంగీదోమకు అది తగిన మాట. కాని తూర్పుకనుమల కొండలలో మలేరియాను మోయు ముఖ్యమైన దోమజాతి అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. అది మెల్లగా పారు సెలయేటి అంచులలో, గడ్డి నీటిని తాకుచోట్ల గ్రుడ్లు పెట్టును. ఆ యేరే ఊరివారికి త్రాగునీరు. నిలువనీటిని గూర్చిన ఉపదేశము విన్న కొండవాడు తన గుమ్మము ముందు చూచుకొనును. అచట నీరు నిలిచియుండదు, వాలున జారిపోవును. అయినను జ్వరము వచ్చును. అంతట ఆ యుపదేశమునందే వానికి నమ్మకము సడలును. ఇందు భాషాదోషము లేదు, శాస్త్రదోషమును సామాన్యార్థమున లేదు. దోషము సంబంధమునందున్నది. మైదానమునకు వ్రాసిన వాక్యము కొండకు మోయబడినది. దీనిని కువిలోనికి నిర్దుష్టముగా అనువదించినను ఆ దోషము అట్లే నిలుచును.

రెండవ దృష్టాంతము కాఫీ. సిల్వర్‌ఓక్ చెట్ల నీడలో, వాని మానులకు మిరియపుతీగ ప్రాకించి, గిరిజనులు పెంచు అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2025లో ఆ తోటలయందు కాయతొలుచు పురుగు కనబడినది. భారతదేశమున అది 1990లో నీలగిరి ప్రాంతమున మొదట పొడసూపినది. ఆడుపురుగు పండుకొనను తొలిచి లోనికి బోయి గింజయందే గ్రుడ్లు పెట్టును. పిల్లలు లోపలనే పెరుగును. కావున పైన చల్లిన మందు దానిని చేరుట కష్టము. కోత ముగిసిన పిదప చెట్టున మిగిలిన కాయలలోను, నేల రాలినవానిలోను అది తరువాతి పంటకొరకు దాగియుండును. అందువలన రాలినకాయ నేరివేయుట, పురుగుపట్టినవానిని మరుగునీట ముంచి పూడ్చుట ముఖ్యచికిత్సలు. ‘ఏరుడు, పూడ్చుడు’ అని ఆజ్ఞాపించినచో, అమ్ముడుపోని కాయకై ఒక దినపు శ్రమ వ్యర్థముచేయుట యేల యని రైతు తలంచును. ఒక కాయను అరచేతిలో చీల్చి, గింజలోని పురుగును చూపి, దాని జీవితకథ చెప్పినచో ఆజ్ఞతో పనిలేదు; కారణమే పనిచేయించును. ఇక కాయకోతలో స్త్రీలు ముందుండు చోట ఈ విషయమున మొదటి అధికారిణి కాయ కోయు స్త్రీయే. సమావేశమునకు పురుషులను మాత్రము పిలిచి చెప్పిన పాఠము, ఎంత చక్కనిదైనను, అధికారిని తప్పిన పాఠము.

మూడవది బొర్రా గుహలు. వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాతిని కరగించుటయు, బొట్టుబొట్టుగా రాలుచు మరల రాయిగా పేరుకొనుటయు యాత్రికునికి ఆశ్చర్యకరము. అచటి గిరిజనులకు ఆ రాతియందు శివలింగమున్నది. రాయి యేర్పడిన విధము చెప్పుట ఆ పూజను కాదనుట కానక్కరలేదు. కాని యీ సున్నపురాయి కేవలము ఆశ్చర్యవస్తువు కాదు. 1997లో సుప్రీముకోర్టు సమత వ్యాజ్యమున తీర్పు చెప్పుటకు కారణము ఈ బొర్రా పరిసరములలోని గనుల కౌళ్లే. షెడ్యూల్డు ప్రాంతమున ప్రభుత్వభూములను సైతము గిరిజనేతరులకు గనులకై కౌలుకీయరాదని ఆ తీర్పు చాటినది. ఇట్టి సందర్భమున శాస్త్రజ్ఞానము అలంకారము కాదు. తన కాలిక్రింది రాయి యేమిటో, దానిని త్రవ్వినచో ఊటనీరేమగునో తెలియనివాడు గ్రామసభలో సమ్మతి తెలుపుటయు, తిరస్కరించుటయు నామమాత్రమగును. ప్రజాసంబంధమను మాటకు ఇచట చెప్పుటతోపాటు అడుగుటయు అర్థము.

ఈ పరిశీలనకు పాశ్చాత్యదేశమునుండియు సాక్ష్యము కలదు. 1986లో చెర్నోబిల్ ప్రమాదానంతరము ఇంగ్లండులోని కంబ్రియా కొండలలో గొఱ్ఱెల విక్రయము నిషేధింపబడెను. మూడు వారములలో రేడియోధార్మికత తగ్గునని నిపుణులు చెప్పిరి. వారి లెక్క బంకమట్టినేలల కనుభవమైనది. ఆ కొండలనేల ఆమ్లగుణము గల పీటునేల. అందు సీసియము కట్టుబడక మరలమరల గడ్డిలోనికి వచ్చెను. నిషేధపు శేషము తొలగుటకు 2012 వరకు పట్టెను. కొండనేలను, మేతను గూర్చి కాపరులు చెప్పిన మాటను నిపుణులు లెక్కింపలేదని బ్రయన్ విన్ అను సామాజికశాస్త్రజ్ఞుడు వివరించెను. ప్రజలయందు జ్ఞానలోపమే సమస్తదోషమునకు మూలమను సిద్ధాంతమునకు ఆ గొఱ్ఱెలకాపరులు ఖండనము. మైదానపు జ్ఞానము కొండనెక్కునపుడు తడబడుట కంబ్రియాలోను, అరకులోను ఒక్కటే.

ఇందుకు రెండు ఆక్షేపణలు కలవు. కొండభాషలలో శాస్త్రపదములు లేవనుట మొదటిది. నూరేండ్ల క్రిందట తెలుగును గూర్చియు ఈ మాటయే వినబడెను. పదము లేమి భాషాదోషము గాక ప్రయోగాభావము. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము రైతునోటినుండి సేకరించిన పదములు ఎంత సూక్ష్మార్థములో నిరూపించినది. కొండవారి పోడు, చిరుధాన్యములు, వలిసెలు, అడవిదుంపలు మున్నగువానికి అట్టి కోశములు సిద్ధమైనచో విజ్ఞానరచనకు పునాది యేర్పడును. కొడవలికణవ్యాధిని చూడుడు. దానిని నిర్మూలింప జాతీయకార్యక్రమము 2023లో ఆరంభమైనది. రక్తకణము కొడవలివలె వంగునను మాట, చేత కొడవలిపట్టువానికి టీకతో పనిలేకయే బోధపడును.

గిరిజనులు తెలుగు నేర్చుకొనుచున్నారు గనుక ఈ ప్రయాస యేల యనుట రెండవది. నేర్చుకొనుట నిజము, వాంఛనీయము. కాని జ్వరముతో మూల్గుబిడ్డ తల్లి తెలుగు నేర్చువరకు వ్యాధి ఆగదు. గిరిజన మాతృభాషలలో ప్రాథమికవిద్య నారంభించుటకు ఆంధ్రప్రదేశమున ఈ శతాబ్ది మొదటి దశకమున వాచకములు సిద్ధమైనవి. సవర, కూబి, కువి, ఆదివాసీ ఒరియా వానిలో నున్నవి. బాలునికి మాతృభాష తగినదైనపుడు తల్లికి ఏల తగదు?

ఇక మన ఉపాధ్యాయిని మాట. దూరముననుండి చదువుట ఆమెకు లోపమని పలువురు తలంచుదురు. శాస్త్రప్రసారవిద్య విషయమున అది లోపము కాదు, మేలు. నగరమందలి తరగతిగదిలో కూర్చున్నవాడు శ్రోతను ఊహించుకొనవలెను. ఆమె యెదుట శ్రోత యున్నాడు. కాని ఆమె అభ్యాసపత్రములను ఆంగ్లమున వ్రాసి, పరదేశపు దృష్టాంతములపై మార్కులు పొంది ముగించినచో ఆ మేలు వృథా. తెలుగుశాఖలు ఇట్టి విద్యార్థులకు చేయదగిన సహాయ మున్నది. ప్రతి పాఠమునకును మూడు నియమములు విధింపవచ్చును. మొదట, ఆ విషయమునకు సంబంధించి ఊరివారు వాడు పదములను సేకరింపవలెను. పిమ్మట, చెప్పదలచిన వాక్యము ఆ యేటికి, ఆ నేలకు, ఆ పంటకు సత్యమగునో కాదో పరీక్షింపవలెను. చివర, విన్నవాడు తన భాషలో మరియొకనికి తిరిగి చెప్పగా విని, అర్థమెచట మారినదో గుర్తింపవలెను. రచనకు మార్కులు ఆ మూడవమెట్టున వేయవలెను.

గ్రంథగుణమును గ్రంథములోనే వెదకుట విమర్శకులకు అలవాటు. విజ్ఞానరచన విషయమున అది చాలదు. దాని గుణము కొంత శ్రోతయందున్నది. వీరేశలింగముగారినుండి మనకు ప్రయోజనదృష్టియు, లక్ష్మణరావుగారినుండి విషయగౌరవమును సంక్రమించినవి. సంబంధమును, అధికారిని నిర్ణయించు విద్య గిడుగువారి సవరగ్రంథములలో నున్నది. ఆ గ్రంథములను భాషాశాస్త్రపు అలమరనుండి తెచ్చి విజ్ఞానవాఙ్మయచరిత్రలో మొదటిపుటల నుంచుట పరిశోధకులు చేయవలసిన పని. అట్లు చేసినచో అరకు ఉపాధ్యాయిని తన విద్యకు మూలపురుషుని పరదేశమున వెదకుకొన నక్కరలేదు.