పట్టు లేని చోట

చిత్రికను ముందుకు తోస్తాం. అయినా మనవాళ్లు ‘చిత్రిక పట్టడం’ అనే అంటారు. ఆ మాట ఎంత సరైనదో ఒక టేకు పలక పాడైతే గానీ నాకు తెలిసిరాలేదు.

ఆదివారం పూట వరండాలో చెక్కపని చేసుకోవడం నాకో పిచ్చి. పుస్తకాల అరకు గాళ్లు తీయడానికి చేతి రౌటర్ కొన్నాను. మన వడ్రంగులు ట్రిమ్మర్ అంటారే, అదే. పెట్టె మీద వాట్లు ఇంతేసి అంకెల్లో ఉన్నాయి, ధర చూస్తే తక్కువ. ఇంకేం కావాలి అనుకున్నాను. 6 మిల్లీమీటర్ల లోతు గాడి, మూడేసి మిల్లీమీటర్ల చొప్పున రెండు విడతలు. మొదటి విడత చక్కగా వచ్చింది. రెండో విడత సగంలో మోత మారింది. ఆపి కొలిస్తే గాడి ఈ చివర 6, ఆ చివర 9! లోతు మర నేను బిగించిన చోటే ఉంది. జారింది బిట్టు. పని జరుగుతున్నంతసేపూ కొద్దికొద్దిగా చెక్కలోకి దిగిపోయింది.

మా పక్క వీధిలో తలుపులు చేసే మేస్త్రికి చూపించాను. ఆయన మోటారు జోలికే పోలేదు. బిట్టు కాడను, దాన్ని పట్టుకునే కాలెట్‌నూ పక్కపక్కన పెట్టి చూశాడు. “ఇది ఆరు ఎమ్మెమ్ కాడ సార్. కాలెట్టేమో పావు అంగుళానిది. బిగిసినట్టే ఉంటుంది గానీ పట్టదు” అన్నాడు.

పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు. ఆ 0.35 నా కంటికి ఆనలేదు, పలకకు ఆనింది. మన బజారులో రెండు కొలతల బిట్లూ ఒకే డబ్బాలో కలిసిపోయి దొరుకుతాయి. ఏది కొన్నా కాడ మీద కొలత చదువుకోవాలి. ఇంకో సంగతి కూడా మేస్త్రే చెప్పాడు. బిట్టును అడుగంటా దించి, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి అప్పుడు బిగించాలట. అడుగు తగిలి ఉంటే పట్టు సరిగా కుదరదు.

అప్పటి నుంచీ ఎవరు అడిగినా వాట్ల గురించి చివర్లో చెబుతాను. ఇంటి పనికి, అంటే అంచులు గుండ్రం చేయడానికి, సన్న గాళ్లకు, లామినేట్ కోయడానికి, అయిదారొందల నుంచి ఏడొందల వాట్లు చాలు. 12 మిల్లీమీటర్ల కాడ పట్టే పెద్ద రౌటర్లు రోజూ ద్వారబంధాలు చేసేవారికి. ఆ బరువు మోస్తూ సన్న అంచు మీద నిలకడగా నడపడం మనబోటివాళ్ల వల్ల కాదు.

వేగం మార్చుకునే చక్రం మాత్రం ఉండాలి. బాష్ జీకేఎఫ్ 550కి ఒకటే వేగం, నిమిషానికి 33,000 చుట్లు. మకితా ఆర్‌టీ 0700సీలో 10,000 నుంచి 30,000 దాకా మార్చుకోవచ్చు. లామినేట్ అంచులకు మొదటిది చాలు. వెడల్పు బిట్లు వాడేవారికి తేడా తెలుస్తుంది. 24,000 చుట్ల దగ్గర 6 మిల్లీమీటర్ల బిట్టు అంచు గంటకు 27 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అదే 25 మిల్లీమీటర్లదైతే 113. మొదటిది సైకిలు, రెండోది హైవే మీద కారు. వేగం తగ్గించకుండా ఒకచోట తచ్చాడితే టేకు అంచు నల్లగా మాడిపోతుంది.

కొట్లో నేను చేసే పరీక్షలు రెండే. ప్లగ్గు తీసేసి, బిట్టు బిగించి, చేత్తో తిప్పి చూస్తాను. కొన వణికితే వద్దు. తర్వాత లోతు బిగించి అడుగు పలకను గట్టిగా నొక్కుతాను. వెంట్రుకవాసి కదిలినా వద్దు.

ఇక నడపడం. పలక అంచు మన ఎదురుగా ఉంటే రౌటర్ ఎడమ నుంచి కుడికి సాగాలి. అప్పుడు చెక్క బిట్టుకు ఎదురు నిలుస్తుంది, పని మన చేతిలో ఉంటుంది. తిరగేసి నడిపితే బిట్టే మనల్ని లాక్కుపోతుంది. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పవు. వేలాడే తువ్వాలు, వదులు చేతుల చొక్కా వద్దు. బిట్టు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గు ఊడదీయాలి.

కొనబోయే ముందు కొట్టువాణ్ని ఒక్క మాట అడగండి: “దీనికి కాలెట్టు, కార్బన్ బ్రష్షులు విడిగా ఉన్నాయా?” అరిగేవి అవే. ఉన్నాయని తీసి బల్ల మీద పెడితే బేరం మొదలుపెట్టండి. “తెప్పిస్తాం” అంటే మరో కొట్టు చూసుకోండి.